వంతెన దాటాల్సిన తేదీ

“తొమ్మిదో తారీఖు సాయంత్రానికల్లా బ్రిడ్జి దాటేయాలి. అందులో మార్పు లేదు,” అన్నాడు దివాకర్.

డైనింగ్ టేబుల్ మీద సుపీరియర్ సరస్సు మ్యాప్ పరిచి ఉంది. అంచులు లేవకుండా రెండు మూలల్లో కాఫీ కప్పులు, మూడో మూల ఆవకాయ జాడీ. నేపర్‌విల్‌లో బయల్దేరి, పడకలూ పొయ్యీ ఉన్న అద్దె బండి ఆర్‌వీలో సరస్సు చుట్టి రావాలన్నది ప్లాన్. మిషిగన్ మీదుగా పైకెళ్ళి, వంతెన దాటి కెనడాలో దిగి, థండర్ బే దాకా వెళ్ళి, అట్నుంచి వెనక్కి.

“కానీ నాన్నా, అక్క బర్త్‌డే లెవెన్త్ కదా! వాటర్‌ఫాల్ దగ్గర కేక్ కట్ చేద్దాం అన్నాను. ఫాల్స్ బ్రిడ్జికి ఈ సైడే ఉంది,” అంది ఆద్య. తొమ్మిదేళ్ళు. ఇంట్లో వేగంగా టైప్ చేసేది అదే కాబట్టి ల్యాప్‌టాప్ దాని ముందే ఉంది.

“ఎనిమిదినే కట్ చేద్దాం.”

“ముందే చేస్తే బ్యాడ్ లక్!”

“ఎవరు చెప్పారే?”

“మా క్లాస్ హంసిక.”

“హంసికకి ఇంకేం పని లేదులే,” అంది అక్క రిషిత, మ్యాప్ మీంచి తల ఎత్తకుండా. “అయినా కెనడాలో పంతొమ్మిదికే బీర్ ఇస్తారట. ఇరవై ఒకటి దాకా ఆగినందుకు నాకు రెండు ఇవ్వాలి.”

“ఇస్తాను, వీపు మీద,” అంది వసుమతి వంటగదిలోంచి.

దివాకర్ నవ్వబోయి, ఆవలించాడు. రాత్రంతా ఆఫీస్ కాల్స్. మేనేజర్‌ని బతిమాలితే ఎనిమిది రోజుల సెలవు దొరికింది. ఆకులు ఎర్రబడే వారం కావడంతో సరస్సు ఒడ్డున రాత్రికి బండి ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్లన్నీ నిండిపోతున్నాయి. ఆలస్యం చేస్తే ఆ తేదీలు పోతాయి. ఆ తేదీలు పోతే ఈ ప్రయాణమే లేదు.

“ఐదో తారీఖు సైట్ ఒక్కటే ఉంది నాన్నా.”

“పట్టెయ్.”

“ఎంతమంది అని అడుగుతోంది. ఫోర్.” ఆద్య నొక్కింది. ఆరో తారీఖు, నాలుగు. ఏడు, నాలుగు. దానికదో ఆటలా ఉంది.

“రోజుకి హండ్రెడ్ మైల్సేనా? మా స్కూల్ బస్ ఇంతకన్నా ఫాస్ట్.”

“నెమ్మదిగా పోదాం. తొందరేముంది?” అన్నాడు దివాకర్.

వసుమతి రెండు రైస్ కుక్కర్లు తెచ్చి సోఫాలో పెట్టింది. ఒకటి పెద్దది, ఒకటి ఒక్క మనిషికి సరిపోయేది. దాని పక్కన కందిపొడి, గోంగూర పచ్చడి, రిషిత స్నో బూట్లు.

“అమ్మా, అక్టోబర్‌లో స్నో బూట్సా?”

“సరస్సు గాలి చలిగా ఉంటుందిట.”

“మరి నాకు?”

“నీకు సాక్సులు చాల్లే.”

“నాట్ ఫెయిర్!”

“నా బంక్ బెడ్ నీకే ఇస్తాలే. పై బెడ్,” అంది రిషిత. ఈ సెమిస్టర్ ఆమె కాలేజీలో క్లాసులు తీసుకోలేదు. ఎవరడిగినా బ్రేక్ అని చెబుతోంది. మధ్యాహ్నమంతా కుర్చీలో ముడుచుకుని కూర్చునే ఉంది.

ఆద్య థండర్ బే దగ్గర ఆగింది. “ఇక్కడ టూ నైట్స్ ఎందుకు? ఫాల్స్ లేవు, బీచ్ లేదు. రివ్యూస్‌లో బోరింగ్ అని రాశారు.”

“ఊరు చూద్దాం. ఇండియన్ స్టోర్ ఎక్కడుందో, బస్ ఎక్కడాగుతుందో,” అంది వసుమతి.

“ఆర్‌వీ ఉంటే బస్ ఎందుకమ్మా?”

వసుమతి జాడీ మూత బిగించింది. ముందే బిగించి ఉన్న మూత.

దివాకర్ పాస్‌పోర్టుల సంచీ తీశాడు. అమెరికాది ఒక్కటే, ఆద్యది. మిగిలిన మూడూ ఇండియావి. ఒక్కోదానికీ ఒక కాగితాల కవరు. రిషిత కవరు మాత్రం మూత పడనంత మందంగా ఉంది. రబ్బర్ బ్యాండ్ రెండు చుట్లు తిప్పాడు.

“నాదే బాగుంది. మీకెప్పుడు ఇలాంటివి వస్తాయి?”

“పదమూడేళ్ళుగా లైన్లో ఉన్నాం తల్లీ. ముందు గ్రీన్ కార్డ్ రానీ,” అన్నాడు. ఆ మాట అతను ఎంతమందితో ఎన్నిసార్లు అన్నాడో. గొంతులో విసుగు కూడా మిగల్లేదు.

“థండర్ బే నుంచి?”

“ఇంటికే. మధ్యలో విస్కాన్సిన్‌లో ఒక్క రాత్రి.”

“వాట్? వెళ్ళేటప్పుడు అంత స్లో, వచ్చేటప్పుడు వన్ స్టాపా? దులూత్‌లో షిప్స్ చూడమా? లేక్ చుట్టూ అన్నారు కదా!”

“అప్పటికి నాకు ఓపిక ఉండదమ్మా,” అన్నాడు దివాకర్.

“వసూ, ఇప్పుడే చెప్పేద్దామా?” అన్నాడు గొంతు తగ్గించి, భార్య వైపు తిరిగి.

“ముందు బుకింగ్ కానీండి,” అంది వసుమతి. ఆమె మళ్ళీ వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు.

ఆద్య మూతి ముడుచుకుని చివరి రాత్రి పేజీ తెరిచింది. చెట్ల మధ్య చిన్న సైట్. తేదీ పెట్టింది. బండి పొడవు పెట్టింది.

“లాస్ట్ వన్. ఎంతమంది? ఫోర్ నొక్కుతున్నా.”

దివాకర్ కళ్ళజోడు తీసి మ్యాప్ మీద పెట్టాడు. రిషిత తన కుర్చీ చెల్లెలి పక్కకి జరుపుకుని, మౌస్ మీదున్న చిన్న చెయ్యి పట్టుకుంది.

“త్రీ నొక్కు ఆద్యా, నేను థండర్ బేలోనే ఆగిపోతా. ఇరవై ఒకటి నిండితే, లెవెన్త్ నుంచి నాన్న వీసా మీద నేనిక్కడ ఉండకూడదు.”