రాని ఆయాసం

"ఇంకోసారి చూడండి డాక్టరమ్మా, ఆ రిపోర్టు ఇంకెవరిదో అయ్యుంటుంది," అంది మేస్త్రి భార్య.

"కాదమ్మా, ఈయనదే." డాక్టరమ్మ మొహంలోనూ అయోమయమే.

ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది. చెక్క సామాన్లకు పాలిష్ వేసి వేసి మేస్త్రి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రిపోర్టులో అంకె పెరిగినప్పుడల్లా వారం తిరక్కుండా ఆయాసం ముంచుకొచ్చేది. పోయినసారైతే ప్రాణం మీదికే వచ్చింది. ఈసారీ అంకె పెరిగి రెండు వారాలు దాటింది, ఇంకా దిగలేదు. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

"ఈమధ్య ఇంట్లో ఏమన్నా మారిందా?" అడిగింది డాక్టరమ్మ.

"మా ఆవిడ ఊళ్ళో లేదండీ. వాళ్ళ చెల్లెలి కాన్పుకు వెళ్ళి ఇవాళే వచ్చింది," అన్నాడు మేస్త్రి. "ప్రాణం హాయిగా ఉంది."

డాక్టరమ్మ నవ్వేసింది. మేస్త్రి భార్యకు ఒళ్ళు మండింది. అంకె పెరిగిందంటే చాలు, కొంగు బిగించి ఇల్లంతా కడిగే మనిషి తను. తను కాపలా ఉంటే జబ్బు రావడమేంటి, లేకపోతే రాకపోవడమేంటి? ఇదెక్కడి చోద్యం! దారిపొడుగునా ఆలోచించినా బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చి మంచం కిందికి చూసేసరికి దూది ఉండల్లా దుమ్ము.

"అయ్యో రాత! ఇన్నాళ్ళూ ఈ చెత్తలోనా పడుకున్నారు?"

"పడుకున్నా. నిద్ర కూడా పట్టింది."

"వేళాకోళానికేం తక్కువ లేదు! మీకేమన్నా అయితే నేనేమైపోవాలి?" ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మేస్త్రి నవ్వు ఆపేశాడు. "సరేలేవే. నీ ఇష్టం, కానియ్యి."

చల్లగాలి తగలకుండా కిటికీలన్నీ మూసేసింది. ఎప్పట్లాగే బకెట్లో గుప్పెళ్ళకొద్దీ బ్లీచింగ్ పౌడర్ పోసి, మంచం చుట్టూ కడగసాగింది. ఘాటుకు కళ్ళు మండాయి. మండనీ, ఘాటుంటేనే కదా క్రిములు చచ్చేది!

మంచం మీద మేస్త్రి దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. ఊపిరందక మంచం పట్టె పట్టుకున్నాడు.

"వచ్చేసిందీ! డాక్టరమ్మ లెక్క తప్పలేదు. భయపడకండి, ఇంకాస్త పౌడర్ వేసి..." అంటూ డబ్బా అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మరుక్షణం బకెట్ బయటికి విసిరేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, ఆయన వీపు నిమురుతూ బావురుమంది.

ప్రతిసారీ ఆయన్ని ఆసుపత్రి పాలు చేసింది తనే!