మూడో పిలుపు

"ఒసే గౌరీ, లెగు!"

పిలుపు వెనకనుంచి వచ్చింది. గౌరి తిరగలేదు. కూర్చున్న బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. తన వెనక ఉన్నది గోడ.

వాళ్ల పేటలో వెనకనుంచి ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకరు. పోయినవాళ్లకి రెండు పిలుపులే దక్కుతాయట. మూడోది బతికున్నవాళ్లది. ఈ వంకన ఆ పేట మగాళ్లు అన్నానికి కూడా మూడో కేకకే లేస్తారు, అది వేరే సంగతి. నాయనమ్మ అసిరమ్మ మనవలందర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడు వేళ్లు చూపించి మరీ నేర్పింది.

శ్రీకాకుళంలోని ఆ ఆఫీసులో వికలాంగుల కోటాకి ఉన్నది ఒక్కటే ఉద్యోగం. కంప్యూటర్లో టైపు చెయ్యడం. ఇంటర్ అయిన దగ్గర్నుంచి పద్మజ టీచరు గౌరిని దీనికోసమే తయారుచేసింది. ఒంటరిగా బస్సెక్కడం, ఎదుటివాళ్ల మొహం చూస్తూ మాట్లాడటం, నలుగురిలో జంకకుండా కూర్చోవడం, అన్నీ. తీరా ఈ రోజు అటెండరు గణపతిరావు తోడొచ్చినవాళ్లని కిందే ఆపేశాడు.

పైకి పంపేముందు టీచరు గౌరి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "రమ్మనగానే లేవాలి. లేవలేదో, నీ వంతు పోయినట్టే. ఇది పోతే మళ్లీ చేపల గంపే."

"గౌరీ! నిన్నేనే!"

రెండోది. ఎండుచేపల వాసన గుప్పుమంది. అది అమ్మ గొంతని గౌరికి ఎలా తెలిసిందో, తెలిసింది. అమ్మ గున్నమ్మ కిందటేటి తుఫానులో పోయింది.

గౌరి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక మూడోది రాదు. రాకూడదు.

వచ్చింది.

"తలుపేసేస్తన్నాడే! నా తల్లివి కదూ, లెగవే!"

గౌరి లేచి పరుగెత్తింది. మూసుకుంటున్న తలుపు సందులో చెయ్యి పెట్టేసింది. లోపల టైపు చేయించి చూశారు. ఉద్యోగం గౌరిదే అన్నారు.

గౌరి వెనకే గణపతిరావు కూడా కిందికి దిగొచ్చాడు, విసుక్కుంటూ. "ఏటి టీచరమ్మా, మీ పిల్ల! పీక పోయేలా అరిసినా కదల్లేదు. తలుపేస్తంటే మాత్రం ఉరుక్కొచ్చినాది."

పద్మజ గౌరివైపు తిరిగింది. "మరి ఎలా లేచావే?"

"అమ్మ పిలిచింది టీచర్. మూడోసారి కూడా పిలిచింది."

పద్మజ గౌరి చెవులు రెండూ చేత్తో తడిమి చూసింది.

బతికున్నన్నాళ్లూ గున్నమ్మ ఎంత గొంతు చించుకున్నా, పుట్టుచెవిటి గౌరికి ఒక్క పిలుపూ వినపడలేదు.