మేకుకు కట్టిన చంద్రుడు

సముద్రం పక్కన పుట్టిన పిల్లలకు సముద్రం చూపించడానికి మ్యూజియం వ్యాను తోటపల్లి గూడూరు బడికి వచ్చింది. గాజుపెట్టెలో రబ్బరు అలలు, పైన మేకుకు కట్టిన చంద్రుడు. కింద అట్ట: 'ప్రతిరోజూ ఉదయం ఆరింటికి పోటు.'

"ముట్టుకోకుండా, అట్టమీదున్నది రాసుకోండి," అన్నాడు వ్యానుతో వచ్చిన ఆఫీసరు.

ప్రమీలమ్మ టీచరు రాసుకుంది. వ్యానుతోపాటు టీచర్లకిచ్చే శిక్షణకు ఈ ఆఫీసరు సర్టిఫికెట్టు ఇస్తేనే ఆమె ఉద్యోగం ఖాయం.

ఆమె క్లాసులోని జాలర్ల పాలెం పిల్ల కామమ్మ మాత్రం రాయలేదు.

"ఏం, చెయ్యి నొప్పా?" అన్నాడు ఆఫీసరు.

"తప్పుండాది సార్. పోటు రోజుకి రెండు గడియలు ఆలస్యంగా వస్తాది. ఈ అట్ట చూసి బయల్దేరితే మా నాయన పడవ ఏరు సముద్రంలో కలిసే మొగలోనే ఇసకలో కూరుకుంటాది."

"మీ నాయనేం చదివినాడు?"

"చంద్రుణ్ణి చూస్తాడు సార్. మీరు మేకుకి కట్టేసినారు."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. టీచరు వైపు తిరిగాడు. "ఇదేనా మీరు నేర్పింది? మీ సర్టిఫికెట్టు మీద నేను సంతకం పెట్టాలా, వద్దా?"

ప్రమీలమ్మ తను రాసుకున్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"రెండు గడియలంటే ఎన్ని నిమిషాలే, కామూ?"

"నలభై ఎనిమిది, టీచర్."

"నిదానంగా చెప్పు. రాసుకుంటాను."