ఎదురు కుర్చీ

ఉపేంద్ర పొద్దుటి నుంచి కొట్టు గుమ్మంలోకీ వెనక గదిలోకీ తిరుగుతూనే ఉన్నాడు.

"కాలుగాలిన పిల్లిలాగ ఏటిరా ఆ తిరుగుడు? ఒక్క సోట కూకో," అన్నాడు కౌంటర్లో ఉన్న శివాజీ. శివాజీ అతని అక్క మొగుడు.

"వస్తాడు బావా. ఈపాటికి వచ్చీవోడే."

శ్రీకాకుళంలో, పాలకొండ రోడ్డు మీద వాళ్ళది స్టేషనరీ కొట్టు. వెనక గదిలో నల్లగుడ్డ పరిచిన బల్ల ఉంది. దాని మీద బొటనవేలంత అంతరిక్ష ఓడలు. ఒక్కోదానికీ ఉపేంద్ర సన్నకుంచెతో రంగులు వేశాడు. పాచికలు వేసి, కొలబద్దతో కొలిచి కదుపుతూ ఇద్దరు ఆడే యుద్ధం అది.

ఇద్దరు కావాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. ఊళ్ళో రెండో మనిషి లేడు. ఉపేంద్ర ఇటు కూర్చుని ఒక ఎత్తు వేసి, లేచి అటు వెళ్ళి తన మీద తనే తిరగబడేవాడు. ఎవరు గెలిచినా సంతోషం ఉండేది కాదు.

ఫోన్లో మాత్రం ఒక శత్రువు దొరికాడు. పేరు కళింగ సింహం. ఈ ఆట ఆడేవాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, అందులో అసలు పేర్లూ ముఖాలూ కనిపించవు. ఆటను తయారుచేసే కంపెనీ ఏడాదికోసారి అందులో కొత్త ఓడను చేరుస్తుంది. రాబోయేది ఏదో ముందే ఊహించి కీచులాడుకోవడం వాళ్ళిద్దరికీ అన్నం కన్నా ముఖ్యం.

"ఈసారి వచ్చేది ఫిరంగుల ఓడేరా. రాసి పెట్టుకో," అని రాసేవాడు ఉపేంద్ర.

"నీ మొకం. ఎన్ని ఫిరంగులని పెడతారు? సెడిపోయిన ఓడల్ని ఇంటికి లాక్కొచ్చే ఓడొస్తాది, సూడు," అనేది సింహం.

పందెం వేసుకున్నారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళు చెప్పిన ఓడను అట్టముక్కలతో తమ చేత్తో చేసి, తెచ్చి ఇచ్చి, ఒక ఆట ఆడి వెళ్ళాలి.

పోయిన వారం కంపెనీ ప్రకటించింది. ఫిరంగుల ఓడే.

"ఆదివారం వస్తన్నాను," అంది సింహం. "ఆ ఒక్క రోజే కుదురుతాది. తర్వాత దూరం ఎళ్ళిపోతన్నాను. నీ ఓడల్ని పిండి సేసి మరీ ఎళ్తాను." ఉపేంద్ర తన పేరూ, కొట్టు అడ్రసూ రాసి పంపాడు.

ఈ రోజే ఆ ఆదివారం. బస్సెక్కానని, ఛార్జింగ్ తక్కువగా ఉందని ఫోన్ ఆపేస్తున్నానని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. ఉపేంద్ర బల్ల తుడిచి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీ తెచ్చి ఎదురుగా వేశాడు. అప్పటి నుంచి ఈ తిరుగుడు.

కాసేపటికి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నేతచీర, భుజాన గుడ్డసంచి.

"ఉపేంద్ర కొట్టు ఇదేనా బాబూ?"

"ఇదేనమ్మా. ఏటి కావాలో బావనడగండి," అన్నాడు ఉపేంద్ర, ఆవిడ భుజం మీదుగా రోడ్డును చూస్తూ.

ఆవిడ శివాజీ దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా వెనక గదిలోకి నడిచి ఒక ఓడను ఎత్తి చూసింది. రెక్కల జోలికి పోకుండా కింది పీట పట్టుకుని ఎత్తింది.

ఉపేంద్ర వెనకే పరుగెత్తాడు. "అమ్మా, అవి పిల్లల బొమ్మలు కావు. అక్కడెట్టీండి."

ఆవిడ ఓడను దించి, కుర్చీలో కూర్చుంది. "పాతపట్నం నుంచి వస్తన్నాను బాబూ. దారంతా నిలబడే వచ్చేను."

"అయ్యో, అక్కడ వద్దమ్మా. ఆ కుర్చీ ఒకడి కోసం ఏసేను. లేండి."

ఆవిడ లేచింది. "ఎవరు బాబూ?"

"కళింగ సింహమని ఉన్నాడొకడు. ఏ ఇంజినీరింగ్ కుర్రోడో. నోరు మంచిది కాదు గానీ ఆడి బుర్ర బంగారం."

ఆవిడ ముఖం కళకళలాడింది. "ఆడు కాక ఇంకెవరైనా వచ్చి, నేను ఆడతానంటే?"

బయట ఆటో ఆగింది. ఉపేంద్ర గుమ్మంలోకి ఉరికాడు. కాగితాల కట్టలు దింపుతున్నారు. ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

"ఏటన్నారు? ఆడతారా? మీకెందుకమ్మా ఇది. పప్పు రుబ్బుకున్నంత తేలిక్కాదు."

అనకూడని మాట. ఉపేంద్ర చెడ్డవాడేం కాదు. కానీ ఆ పూట అతని కళ్ళూ చెవులూ రోడ్డు మీదే ఉన్నాయి.

ఆవిడ సంచిని ఒకసారి తడుముకుంది. "నే సెప్పేది కాసింత ఇంటావేటి?"

"తర్వాత సెప్దురు గానీ. బస్సు కాంప్లెక్సులో దిగి దారి తెలీక తిరుగుతున్నాడేమో," అంటూ బండి తీశాడు.

కాంప్లెక్సులో బస్సు దిగిన ప్రతి కుర్రాడి ముఖంలోకీ తొంగి చూశాడు. ఇద్దరిని ఆపి, "కళింగ సింహం నువ్వేనా?" అని అడిగాడు కూడా. వాళ్ళు ఎగాదిగా చూసి తప్పుకుపోయారు.

పొద్దుగూకే వేళకు కొట్టుకు చేరి ఫోన్ చూశాడు. కళింగ సింహం గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు ఉంది.

"సూసేవా బావా. ఓడిపోయి మొకం సాటేసేడు. పిరికోడు." ఫోన్ కౌంటర్ మీద పడేశాడు. "రెండేళ్ళు కాసుక్కూకున్నాను ఆడి కోసం."

శివాజీ కౌంటర్ కింది నుంచి చెప్పుల పెట్టె ఒకటి తీశాడు. "పొద్దున్నొచ్చినావిడ నీకిమ్మన్నాది. సేనాసేపు సూసి, బస్సెళ్ళిపోతాదని ఎళ్ళిపోనాది."

"నాకా? ఏటిది?"

"తెలీదు. మాటిచ్చేనన్నాది."

ఉపేంద్ర మూత తీశాడు. అట్టముక్కలతో చేసిన ఫిరంగుల ఓడ. ఒక్క ఫిరంగి తగ్గలేదు. దాని ముందు, దాన్ని లాగుతున్నట్టు దారంతో కట్టిన ఇంకో చిన్న ఓడ. అది ఆటలో లేదు.

ఉపేంద్ర పెట్టె పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. పాతపట్నం బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి వెనక గదిలో, బల్లకు ఇవతల నిలబడ్డాడు. రెండేళ్ళు ఎదురుచూసిన మనిషిని, ఆ మనిషి కోసమే వేసిన కుర్చీలోంచి తనే లేపేశాడు.