దిమ్యానా బిసారా

కోడలి కుండ మీద మూత తీసి దిమ్యానా ముక్కు దూర్చింది.

"నెయ్యి!" అంది.

"లేదత్తా," అంది ఇస్తీర్, సోయకూర తరుగుతూనే. "పొట్టు తీసిన ఫూల్ చిక్కుడు పప్పు, ఎండబెట్టిన ములూఖియ్యా ఆకు, కొత్తిమీర, సోయకూర, పుదీనా. తాలింపుకి అవిసె నూనె, వెల్లుల్లి. అంతే."

"ఆకులూ పప్పూ ఉడకేస్తే ఊరంతా వేళ్ళు నాకుతుందా? ఈ కబుర్లు మేకలకి చెప్పు, నమ్ముతాయి."

ఈస్టరు పండగ ముందు వచ్చే పెద్ద ఉపవాసం నడుస్తోంది. యాభై అయిదు రోజులు మాంసం, పాలు, గుడ్డు, నెయ్యి ఏదీ నోట పెట్టకూడదు. ఆ రోజుల్లో దిమ్యానా ముక్కుకి భయపడని ఆడది ఈజిప్టులో మిన్యా పక్కనున్న ఆ ఊళ్ళో లేదు. పిలవకుండా వచ్చేది. పొయ్యి మీద కుండ వాసన చూసేది. "మీ ఇంట్లో దేవుడిక్కూడా నెయ్యి లేందే ముద్ద దిగదా?" అని వీధిలో నిలబడి మరీ అడిగేది. డాక్టరు చెప్పాడని గుడ్డు తిన్న బాలింత, పక్కింటి మర్తానే వదల్లేదు. తన కుండలో మాత్రం ఏనాడూ ముక్కు పెట్టలేదు. ఆవిడకా అవసరం?

ఆ పొగరంతా గరిటె ఇచ్చింది. ఉపవాసం శుక్రవారాల్లో ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో ఊరందరికీ పెట్టే ఈ ఆకుపప్పు, బిసారా, నలభై ఏళ్ళుగా ఆవిడ చేతిదే. వండేటప్పుడు రుచి చూసేది కాదు. వడ్డించాక కూడా ముట్టేది కాదు, ఎండురొట్టె, ఉప్పు, ఉల్లిపాయ తినేది. "మీరు తినండి, ఉపవాసం నేనుంటాను," అనేది. జనం ఆ మాటా మింగేవాళ్ళు, బిసారా కూడా మింగేవాళ్ళు. అంత బాగుండేది మరి.

మొగుడు బుష్రా నోరులేని మనిషి. కుండ పొయ్యి మీంచి దించి, గాడిద బండి మీద చర్చికి చేర్చడం ఎన్నేళ్ళనుంచో అతని పని. ఈ ఏడు మొదటి శుక్రవారం పొద్దున్నే మేడ మీది పావురాల గదికి నిచ్చెనెక్కుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"పావురాలకి గింజలు వేద్దామని..." అన్నాడు మూలుగుతూ.

"పండక్కి ఎప్పుడు కోసుకు తిందామా అని చూసుకోడానికి ఎక్కావు, తిండిపోతు!" అంది దిమ్యానా.

ఆ రోజు కుండని కొడుకు వహీబ్ మోసుకెళ్ళాడు. కంచాల్లో సగానికి సగం మిగిలింది. రెండో శుక్రవారం జనం రొట్టె తిని నీళ్ళు తాగి లేచారు. మూడో శుక్రవారం దిమ్యానాకి జ్వరమొచ్చి కోడలు వండింది. కుండ అడుగు కూడా రొట్టెతో తుడుచుకు తిన్నారు. ఆడవాళ్ళంతా పోయి చర్చి గురువు అబూనా బాఖూమ్‌తో, ఇకమీదట గరిటె కోడలికిమ్మని చెప్పారు.

నలభై ఏళ్ళ గరిటె! అందుకే దిమ్యానా ఇవాళ అబూనాని ఇంటికి పిలిపించింది. ఆయన వెనకాలే నలుగురు ఆడవాళ్ళు, అందరికంటే ముందు మర్తా.

"తినండి అబూనా. దీని దొంగతనం మీ నాలుకే చెప్పాలి."

అబూనా రొట్టెముక్క ముంచి తిన్నాడు. ఇంకో ముక్క. ఇంకోటి.

"నెయ్యి లేదమ్మా."

"మూడుసార్లు తింటేగానీ తెలీలేదా?"

"మొదటిసారే తెలిసింది. మిగతా రెండూ ఆకలికి తిన్నాను."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దిమ్యానా మొహం మాడిపోయింది.

"నాలుక మోసపోవచ్చు, నా జాడీ మోసపోదు. ఏటా ఉపవాసం ముందు నేతి జాడీకి గుడ్డ కట్టి పావురాల గదిలో పెడతాను. ఏటా పండగనాటికి సగమే ఉంటుంది. మా అత్త బతికున్నన్నాళ్ళూ ఆవిడే నాకేస్తోందనుకున్నా. ఆవిడ పోయాక ఎలుకలనుకున్నా. ఇదిగో, ఇప్పటికి దొంగ దొరికింది. వహీబూ, జాడీ దించుకురారా!"

"వద్దే... పోనీవే..." అన్నాడు బుష్రా లోపల మంచం మీంచి.

"నువ్వు నోర్ముయ్యి!"

వహీబ్ జాడీ తెచ్చాడు. ఉపవాసం మొదలై మూడు వారాలు దాటింది, తక్కువలో తక్కువ నాలుగు వేళ్ళు దిగి ఉండాలి. దిమ్యానా ముడి విప్పి, గుడ్డ లాగి, అందరికీ కనబడేలా జాడీ వంచింది.

అంచుదాకా ఉంది. పైన గీత కూడా పడలేదు.

"పాపం, ఎలుకలు కూడా ఈ ఏడు ఉపవాసమున్నాయి," అంది మర్తా.

ఈసారి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. అబూనా కూడా గడ్డం కింద నవ్వు దాచుకుంటూ లేచాడు. "గరిటె కోడలికిచ్చెయ్యమ్మా దిమ్యానా. కోపం కూడా ఉపవాసంలో పనికిరాదు."

గరిటె తీసి కోడలి కాళ్ళ దగ్గర పారేసింది దిమ్యానా. అందరూ వెళ్ళిపోయాక విసురుగా లోపలికెళ్ళి మొగుడి మంచం ముందు నిలబడింది.

"నువ్వన్నా చెప్పవయ్యా. అదే పప్పు, అవే ఆకులు, అదే చెయ్యి. నలభై ఏళ్ళు ఎగబడి తిన్న ఊరికి ఈ ఏడు ఏం రోగమొచ్చింది?"

బుష్రా కట్టు కట్టిన కాలు నిమురుకున్నాడు.

"మొదటేడు, మొదటి వారం... నీ కుండ ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది, గుర్తుందా? వెక్కి వెక్కి ఏడ్చావు."

"పాత ముచ్చట్లెందుకిప్పుడు? ఆ మరుసటి వారంనుంచీ కుదిరిపోయిందిగా!"

అతను గుమ్మంలోంచి కనబడుతున్న నేతి జాడీ వైపు వేలు చూపించాడు.

"నేను నిచ్చెనెక్కింది పావురాల కోసం కాదే."