స్టీరింగ్ మీద మూడో చెయ్యి

చిట్టి తడిగుడ్డతో కారు ముందద్దం తుడుస్తోంది. అద్దం తళతళలాడుతోంది. అయినా నాన్న వచ్చి, దాని మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరి దాకా రాశాడు.

“ఇదిగో, ఈ మూల దుమ్ము అలాగే ఉంది. చూసుకోవద్దూ?”

చిట్టి పళ్లు బిగించి ఆ మూల మళ్లీ తుడిచింది. ఆయన వంకలు పెట్టడం కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఇంకా సర్వీసు ఉండగానే “ఇక చాల్లే” అని మానేసి ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి ఆయనకున్న ఉద్యోగం ఒక్కటే, కూతురికి కారు నేర్పడం.

నేర్పాడు. కాదనడానికి లేదు. చిట్టికి లైసెన్సు కూడా వచ్చింది. కానీ పక్క సీట్లో కూర్చుని, కుడిచెయ్యి చాపి, స్టీరింగ్ అడుగున పట్టుకోవడం మాత్రం ఆయన మానలేదు.

“ఎడమ చక్రం తారు దిగింది.”

“ముందు టైరులో గాలి తగ్గింది, పట్టించు.”

“ఇక్కడ కంకర లేచిపోయింది, మెల్లగా.”

అన్నీ నిజాలే. ఒక్కటీ తప్పు పోదు. అందుకే చిట్టికి ఇంకా ఒళ్లు మండేది. వీధి మూలకొట్టాయనకైతే ఇదొక వేళాకోళం. “ఏం చిట్టీ, ఇవాళ బండి నువ్వు నడిపావా, మీ నాన్న నడిపాడా?” అని రోజూ అడిగేవాడు.

సోమవారం నుంచి బడి వ్యాను నడపడానికి రమ్మన్నారు. “మీ నాన్నగారు సరేనంటే చాలమ్మా. పిల్లల ప్రాణాలు కదా, ఆయన మాట మీద నమ్మకం” అంది హెడ్మాస్టరమ్మ. ఆయన సరేననడం లేదు. అడిగినప్పుడల్లా “ఇంకా కొన్నాళ్లు పోనీ” అంటాడు.

చిట్టి గుడ్డ పిండి బకెట్లో పడేసింది.

“ఇవాళ తాడోపేడో తేలిపోవాలి నాన్నా. నీ చెయ్యి స్టీరింగ్ మీద ఉండకూడదు.”

“ఉంటే ఏం? బరువా?”

“బరువే! బండి నా మాట వింటోందో నీ మాట వింటోందో నాకే తెలీదు. స్టీరింగ్ ఎంత బరువుంటుందో, మలుపు తిరిగాక దానంతటది ఎలా వెనక్కొస్తుందో ఒక్కసారైనా తెలియనిచ్చావా?”

“నేను చెయ్యి తీస్తే కాలవలో ఉంటావు.”

“ఉంటే ఉంటాను. నా కాలవ, నా ఇష్టం!”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“పోనియ్యవే. ఆ ఒక్క చెయ్యి నిన్నేం చేసింది?” అంది అమ్మ కిటికీలోంచి.

“నువ్వు ఊరుకో అమ్మా! ఎప్పుడు చూసినా ఆయన వైపే.”

గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. నాన్న ఆవును నిమిరినట్టు కారు ఒళ్లంతా నిమురుకుంటూ వచ్చి, తలుపు తీసి కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“పద. నీ పంతం ఏపాటిదో చూద్దాం.”

చిట్టి కిటికీ అద్దాలు పైకెత్తి, బండి కదిలించింది.

వీధి చివరికి వచ్చేసరికి రోడ్డు ఆమె అరచేతుల్లోకి ఎక్కింది. తారు మీద సన్నటి జలదరింపు. అతుకు వేసిన చోట చిన్న తట్టు. స్టీరింగ్ ఆమె అనుకున్నదాని కంటే చాలా తేలిక. మలుపులో తిప్పి, పట్టు కాస్త వదిలితే, వేళ్ల కింద నుంచి జారుకుంటూ తనే వెనక్కి వచ్చి కుదురుకుంది. ఇన్నాళ్లూ ఈ సుఖం ఆయనొక్కడే అనుభవించాడన్నమాట!

చిట్టి కావాలనే, ఆగి ఉన్న లారీ పక్కన జానెడు సందులోంచి దూసుకుపోయింది. మామూలుగా అయితే నాన్న కేకలకు చెవులు చిల్లులు పడేవి. ఇవాళ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అలిగాడు. అలగనీ అనుకుంది.

రోజూ తిప్పే దారి వదిలేసి పెద్దరోడ్డెక్కింది. మార్కెట్ వెనక సందుల్లో దూరింది. ఆయన ఎన్నడూ పోనివ్వని ఇరుకు మలుపులన్నీ తిప్పింది. చివరికి, రోజూ వచ్చే వైపు నుంచి కాక అవతలి కొస నుంచి తమ వీధిలోకి వచ్చి, ఇంటి గేటు ముందు గీత గీసినట్టు ఆపింది. ఇంజను కట్టేసింది.

“ఇప్పుడు చెప్పు నాన్నా. నేను నడపగలనా, లేదా?”

ఆయన వేళ్లు మోకాళ్లను ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి. నుదుటి మీద చెమట పట్టింది.

“నడపగలవు,” అన్నాడు. “నా చెయ్యి నీకు అక్కర్లేదు. సోమవారం వెళ్లు. నేను సరేనన్నానని చెప్పు.”

గెలిచింది! ఇప్పుడే మూలకొట్టు దాకా పరిగెత్తి కొట్టాయన ముందు తల ఎగరెయ్యాలనిపించింది చిట్టికి.

అమ్మ తడిచేతులతోనే ఇంట్లోంచి బయటికి వచ్చింది. తీసి ఉన్న గేటు దాటి, నాన్న పక్క కిటికీ దగ్గర, అద్దానికి అవతల, ఒక్క మాటైనా లేకుండా నిలబడింది.

నాన్న నేరుగా ఆమె ముఖంలోకే చూస్తూ అన్నాడు, “మరి దారి మధ్యలో ఎందుకాపేశావు చిట్టీ, ఇంటికి పోనివ్వు.”