టోబియాస్ వంతు కాఫీ

"టోబియాస్ ఎక్కడ?"

ఆస్పత్రి డేరా నుంచి అప్పుడే బయటపడ్డ ఓరిన్ అడిగిన మొదటి మాట అది. అతని చేతిలో చెట్టు వేరుతో చెక్కిన పొగాకు పైపు ఉంది. విషజ్వరంతో పడి ఉన్న మూడు వారాల్లో, చెయ్యి ఆడినప్పుడల్లా కాస్త కాస్త చెక్కాడు.

"వస్తాడులే. ముందు కూర్చోరా, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు," అన్నాడు కార్పొరల్ ఎఫ్రయిం.

"కూర్చోను అన్నా. తెల్లారితే రెజిమెంటు కదులుతోంది. దక్షిణాది వాళ్ళ తూటాలు మొదలయ్యాక ఎవరుంటామో, ఎవరు పోతామో! ఈలోగా ఇది అతని చేతిలో పెట్టి, మనసారా ఒక్క మాట చెప్పుకోవాలి."

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడే ఓహాయో వాలంటీర్ల దళంలో చేరిన నాలుగో రోజే ఓరిన్ జ్వరంతో పడ్డాడు. కంపెనీలో సగం మంది మొహాలే తెలీవు. గంజి తాగీ తాగీ ప్రాణం విసిగిన ఆ రోజుల్లో, పొద్దున్నే ఎఫ్రయిం ఒక మగ్గు వేడి కాఫీ తెచ్చేవాడు. "టోబియాస్ అని మనవాడొకడున్నాడు. కాఫీ పడదట. తన వంతు నీకిమ్మన్నాడు," అనేవాడు. తనను బతికించింది ఆ కాఫీయేనని ఓరిన్ నమ్మకం. ముక్కూమొహం తెలియని మనిషి చేసిన ఆ మేలు తలుచుకుంటే కళ్ళు చెమర్చేవి.

సార్జెంట్ బర్డెట్ అటుగా వచ్చాడు.

"సార్జెంటు గారూ, టోబియాస్..."

"నా బుర్ర తినకు! జ్వరం తగ్గితే పోయి తుపాకీ తుడుచుకో!"

"ఆయన జోలికి పోకు," అని ఓరిన్ చెవిలో ఊదాడు ఎఫ్రయిం. "మూడు వారాలుగా పొద్దున్నే తలనొప్పి ఆయనకి. అందరి మీదా ఇంతే."

ఓరిన్‌కి ఒళ్ళు మండింది. 'నీ రేషన్ ఆస్పత్రికి పోయింది, ఇక్కడ చిటికెడు కాఫీ పొడి కూడా రాదు' అని తను జ్వరంతో పడ్డనాడు తేల్చేసింది ఈ మనిషే. టోబియాస్ ఉన్న కంపెనీలోనే ఇలాంటివాడూ ఉన్నాడే అనుకున్నాడు.

వెళ్ళి కెప్టెన్ లాక్‌వుడ్‌ని అడిగాడు. కెప్టెన్ మీసాల చాటున నవ్వుకుని, "కాఫీ పంచేచోట చూడు, దొరుకుతాడు," అన్నాడు.

గొంగడి పరిచి, మనిషికొకటి చొప్పున కాఫీ పొడి కుప్పలు పోశారు. పక్షపాతం లేకుండా సార్జెంట్ ఎప్పటిలాగే వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఎఫ్రయిం ఒక్కో కుప్ప మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అంటే, చూడకుండానే ఒక్కో పేరు చెబుతున్నాడు. ఓరిన్ పేరూ వచ్చింది. అతను తన కుప్ప సంగతే పట్టించుకోలేదు. పైపు పట్టుకుని, లేచి వచ్చే ప్రతివాడి మొహమూ ఆశగా చూస్తున్నాడు.

చివరికి ఒక్క కుప్ప మిగిలింది.

"ఇదెవరికి?"

"టోబియాస్‌కి," అన్నాడు సార్జెంట్ అలవాటు కొద్దీ.

ఓరిన్ పైపు చాచి రెండడుగులు ముందుకేశాడు. ఎవరూ లేచి రాలేదు. కంపెనీ అంతా గొల్లున నవ్వింది.

ఎఫ్రయిం ఆ కుప్పను జాగ్రత్తగా సంచిలోకి ఎత్తి, సార్జెంట్ వీపు మీద తట్టాడు.

"ఓరిన్ లేచొచ్చేశాడుగా, ఈ పూటన్నా మీ కాఫీ మీరు తాగండి!"